ఛాయ్ ఎప్పుడు తాగినవ్?

మొన్న పొద్దున లేవగానే వాంతయింది. వాష్‌బేసిన్‌లో చూస్తే గోధుమరంగు నీళ్ళు, వాటిలో నల్లటి రవ్వలు. టీ వడపోశాక జాలీలో ఛాయ్ పత్తి, అదే టీపొడి, మిగులుతుందే, అచ్చం అట్లాగే ఉంది. 'టీయేలే, అరగలేదు' అనుకుని నల్లా తిప్పబోయాను. చెయ్యి ఇంకా నల్లా మీదే ఉంది. చెవి పక్కన నిలబడి ఎవరో అడిగినట్టే వినబడింది: "ఛాయ్ ఎప్పుడు తాగినవ్, బేటీ?"

తాగలేదు. అప్పటికి పాలప్యాకెట్టే రాలేదు. ముందురోజు సాయంత్రం తాగిన టీ తెల్లారేదాకా కడుపులో కూర్చోదు. ఆ సంగతి పదో తరగతి పిల్లలకు ఏటేటా చెప్పేదాన్ని నేనే. నల్లా తిప్పకుండా బేసిన్ అంచు పట్టుకుని నిలబడి, "బాపూ" అని పిలిచాను. అవ్వ, అంటే మా అమ్మ, పోయాక బాపు కరీంనగర్‌లో నా దగ్గరే ఉంటున్నాడు. వచ్చాడు, వంగి చూశాడు. వెంటనే అంగీ తొడుక్కోవడానికి పోయాడు. ఆయన ముఖం చూశాక నాకు నిజంగా భయం వేసింది.

పావుగంటలో దవాఖానలో ఉన్నాం. కౌంటర్‌లో అమ్మాయి పేరు, వయసు కంప్యూటర్‌లో కొట్టుకుని, "ఎవరు పంపిండ్రు మేడం?" అని అడిగింది. ఏ డాక్టరు, ఏ ఆర్ఎంపీ చీటీ రాసిచ్చాడని ఆమె అడగడం. మా వైపు ప్రైవేటు దవాఖానల్లో అది మామూలే. నేను నోరు తెరిచేలోపు మళ్ళీ డోకు వచ్చింది, నర్సు వచ్చి లోపలికి పట్టుకుపోయింది. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

చేతికి సెలైన్ పెట్టారు. కడుపులోకి కెమెరా గొట్టం వేసి చూసే డాక్టరు ఇంకొకరి దగ్గర ఉన్నాడు, ఆగమన్నారు. పక్కన స్టూలు మీద బాపు. కాగితాల కోసం నా హ్యాండ్‌బ్యాగ్ తెరిచినవాడు, కాగితాలకు బదులు నొప్పి గోలీల పట్టీలు తీశాడు. రెండు. ఒకటి పూర్తిగా ఖాళీ. పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపు నడుస్తోంది. మెడనొప్పి, తలనొప్పి. పొద్దున్నే టిఫిన్ తినే తీరిక లేక, ఒక గోలీ నోట్లో వేసుకుని బస్సెక్కుతున్నాను. జీర్ణాశయం బొమ్మ గీసి భాగాలు గుర్తించిన పిల్లలకు మార్కులేస్తూ కూర్చున్నాను. నా జీర్ణాశయాన్ని మాత్రం గాలికొదిలేశాను.

"నువ్వు గూడనా బిడ్డా?" అన్నాడు బాపు. తిట్టినా బాగుండేది.

ఇంక చేసేదేముంది? పైకప్పు చూస్తూ, కడుపు మీద చెయ్యి వేసుకుని, బోటి చాచాను తలుచుకుంటూ పడుకున్నాను. నన్ను పంపింది ఆయనే మరి.

మా సిరిసిల్లలో మటన్ దుకాణాల వెనక, గోడ వారగా ఒక రాతి తొట్టి ఉండేది. దాని పక్కన బోర్లించిన పెయింటు డబ్బా మీద ఆయన కూర్చునేవాడు. మేక కడుపు, పేగులు, అదే బోటి, తెచ్చి ముందు పడేస్తే, పదకొండయ్యేసరికి తెల్లటి తువ్వాల ముక్కల్లా కడిగిపెట్టేవాడు. వేడినీళ్ళు, సున్నం, అరిగిపోయిన ఒక స్టీలు చెంచా, అంతే ఆయన సరంజామా. కత్తి ముట్టేవాడు కాదు. "చాకు పెడితే కడుపు తెగుతది. చెంచా పెడితే మైల పోతది. జల్దీ ఉన్నోనికి చాకు, అకల్ ఉన్నోనికి చెంచా" అనేవాడు. నిర్మల్ దిక్కు మనిషి. మాటలో తెలుగూ ఉర్దూ కలిసిపోయి, కోపమొస్తే మరాఠీ కూడా వచ్చేది. ఊరంతా బోటి చాచా అనేవారు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా చాచా అనే పిలిచేవారు.

కడిగిన బోటి బకెట్‌లో పెట్టుకుని, సైకిల్ మీద ఇళ్ళకు తెచ్చి ఇచ్చేవాడు. ఎవరింటికి వచ్చినా గడప దాటేవాడు కాదు. వాకిట్లో నిలబడి, బోటి కవరు గోడ మీద పెట్టి, వెంటనే రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు. ఎంత రుద్దినా ఆ చేతుల వాసన పోదు, అది ఆయనకు తెలుసు. సున్నానికి గోళ్ళు తెల్లబడి, వేళ్ళ కొసలు చీలి ఉండేవి. అవ్వ ఛాయ్ ఇస్తే ఆ చేతులు ముందుకొచ్చేవి. తాగిన గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించాక మళ్ళీ వెనక్కి పోయేవి. చిన్నప్పుడు నేను ఆయన వెనక్కి పోయి, ఏమైనా దాచాడేమోనని చూసేదాన్ని.

మంచి, చెడ్డ అడిగే అలవాటు ఆయనకు లేదు. కనబడగానే "ఏం తిన్నవ్?" అనేవాడు. "తిన్న చాచా" అంటే ఒప్పుకునేవాడు కాదు. ఏం తిన్నావో, ఎప్పుడు తిన్నావో చెప్పేదాకా దారి ఇచ్చేవాడు కాదు. కాలేజీకి ఆలస్యమవుతుంటే సైకిల్ అడ్డం పెట్టి నిలబడితే ఎట్లా ఉంటుందో చూడండి. నాకైతే ఒళ్ళు మండేది. ఆయన తినే తీరు ఇంకో తమాషా. ఒక్క జొన్నరొట్టె అరగంట నమిలేవాడు. "చాచా మేకలెక్క నెమరేస్తుండు" అని దుకాణాలవాళ్ళు నవ్వేవారు. ఆయన నమలడం పూర్తిచేసి, మింగి, అప్పుడు జవాబు చెప్పేవాడు: "మేకకు నాలుగు గదులున్నయ్. అయినా పుర్సత్‌గ నములుతది. నాకు ఒక్కటే ఉన్నది. నేనెట్ల తొందరపడాలె?"

ఆ నాలుగు గదులు ఆయనే చూపించాడు నాకు. నేను డిగ్రీలో బీజడ్‌సీ చదువుతున్నాను అప్పుడు. మా మరమగ్గాల వాడలో డిగ్రీ దాకా పోయిన ఆడపిల్లలు తక్కువ, అందుకని నా తల కాస్త పైనే ఉండేది. రికార్డు పుస్తకం చంకలో పెట్టుకుని తొట్టి దగ్గరికి పోయాను. ముక్కుకు చున్నీ కట్టుకున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఒక్కొక్కటే పరిచి చూపించాడు. మొదటిది తువ్వాల లాంటిది, రెండోది తేనెపట్టు. మూడోదాన్ని తెరిస్తే పొరలు పొరలుగా కాగితాల్లా ఉంది. "గిది కితాబ్" అన్నాడు. "నువ్వు సదివేదాని కన్న మంచిగుంటది." నాలుగోది తెరిచి, లోపలి ముడతల మీద చెంచా వెనకభాగంతో నెమ్మదిగా రుద్దాడు. జిగురు వచ్చింది.

"గిది అసల్ కడుపు. పులుపు గీన్నే ఉంటది. మనకు గీ ఒక్కటే ఇచ్చిండు దేవుడు. నిమ్మకాయ కన్న కడక్ పులుపు. మరి గా పులుపు కడుపును ఎందుకు తినదు, చెప్పు?"

"శ్లేష్మస్తరం వల్ల" అన్నాను గొప్పగా.

"గదే, గీ జిగురు అంగీ. అంగీ ఉన్నంతసేపు ఫికర్ లేదు. అంగీ చినిగిందనుకో, కడుపు కడుపునే తింటది."

కింది కొసన, పేగు మొదలయ్యేచోట కండ గట్టిగా చుట్టుకుని ఉంది. అక్కడ వేలు పెట్టి "గిదేంది?" అన్నాడు. "జఠర నిర్గమ సంవరణీ కండరం" అన్నాను ఒక్క ఊపిరిలో. ఆయన నా వంక చూసి, "గింత దర్వాజకు గంత పేరా?" అని నవ్వాడు. "గిది కొంచెం కొంచెం ఇడుస్తది. లోపల మెత్తగయినంకనే తలుపు తీస్తది. మంచి చౌకీదార్."

ఆ రోజే ఇంకొకటి చూపించాడు. దాన్ని నేను రికార్డులో రాయలేదు, సిలబస్‌లో లేదు కాబట్టి. పక్కన వేరుగా పెట్టిన ఒక కడుపు తెరిచాడు. నాలుగో గది నిండా నల్లటి నలుసులు. "పురుగు పట్టిన మేక ఇది. గా పురుగు గీన్నే కూసోని రక్తం తాగుతది. కారిన రక్తం పులుపుల పడ్తది. ఎర్రగుంటదా మరి? ఉండది. గిట్ల ఛాయ్ పత్తి అయితది. యాదుంచుకో బేటీ, కడుపుల రక్తం ఎర్రగ కనవడది." సరే సరే అని తలూపి, చున్నీ సర్దుకుని వచ్చేశాను. యాదుంచుకోలేదు.

మా బాపు మరమగ్గం కార్మికుడు. పన్నెండు గంటలు నిలబడి, ఎనిమిది సాంచెల, అంటే మరమగ్గాల, మధ్య అటూ ఇటూ తిరగాలి. నడుము, పిక్కలు లాగి పడేసేవి. సాంచెల మీద పనిచేసే ఎవరి జేబు చూసినా నొప్పి గోలీల పట్టీ ఉండేది. బువ్వ తినకున్నా పనైతది, గోలి లేకుంటే కాదని వాళ్ళ లెక్క. పొద్దున ఒక ఛాయ్, ఒక గోలీ. పది గంటలకు ఇంకో ఛాయ్. మధ్యాహ్నం దాకా కడుపులోకి ఒక్క మెతుకు పోదు. ఆ పట్టీలు దుకాణం నుంచి తెచ్చి ఇచ్చేది ఎవరనుకున్నారు? నేనే. కాలేజీ నుంచి వస్తూ తెచ్చేదాన్ని. చాచా ఒకసారి నా చేతిలో చూసి, "ఖాళీ కడుపుల వద్దని చెప్పు మీ బాపుకు. గోలి అంగీ ఇప్పుతది" అన్నాడు. "మీరు డాక్టరా చాచా?" అని నవ్వుకుంటూ పోయాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒక ఆదివారం, పదకొండు గంటలప్పుడు, బాపు పని మధ్యలోనే ఇంటికొచ్చాడు. మధ్యలో వచ్చే మనిషి కాదు. వాకిట్లో మోరీ కాలువ దగ్గర కూర్చుని భళ్ళున కక్కాడు. గోధుమరంగు నీళ్ళు, నల్లటి రవ్వలు. అవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఎన్ని ఛాయ్‌లు తాగుతవయ్యా? కడుపా, హోటలా అది?"

నేను వచ్చి చూశాను. డిగ్రీ చదివే బిడ్డ ఏమంటుందోనని అవ్వ నా ముఖం చూసింది. "ఛాయే అవ్వా. పత్తి గూడ కనవడ్తుంది సూడు. గ్యాస్ పట్టింది" అన్నాను. నా మాటతో అందరికీ ధైర్యం వచ్చింది. మావాళ్ళు బువ్వకంటే ఛాయ్ మీదే ఎక్కువ బతుకుతారు. ఏం కక్కినా ఛాయ్ అనుకోవడం మాకు వింతగా తోచదు.

ఎదురింటి పెద్దమ్మ అప్పటికే వచ్చేసింది. ఆమె బొడ్డు సరిచేస్తుందని వాడంతా నమ్మకం. కడుపులో ఏ నొప్పి వచ్చినా బొడ్డు జారిందంటారు. వెల్లకిలా పండబెట్టి, ఆముదం రాసి, కడుపంతా పిసికి, బొడ్డు మీద దీపం పెట్టి చెంబు బోర్లిస్తారు. చెంబు పట్టుకుంటే బొడ్డు చోటికి వచ్చినట్టు. బాపును లోపల చాప మీద పండబెట్టారు. అవ్వ వాంతి మీద పొయ్యడానికి చాటలో బూడిద తెచ్చింది.

"ఆగు చెల్లె! బూడిద పొయ్యకు."

గేటు దగ్గర చాచా. ఆ రోజు మేము బోటి చెప్పి ఉన్నాం, తెచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి, మోరీ పక్కన గొంతుకూర్చున్నాడు. చూశాడు. వంగి వాసన చూశాడు. పుల్లతో ఒక రవ్వను అటూ ఇటూ కదిపాడు. లేచేసరికి ఆయన ముఖం మారిపోయి ఉంది.

"ఛాయ్ ఎప్పుడు తాగిండు?"

"పొద్దంత తాగుడే గదా" అంది అవ్వ.

"పొద్దంత కాదు. ఇయ్యాల. ఇయ్యాల ఎప్పుడు తాగిండు?"

లోపలి నుంచి బాపే అన్నాడు, నీరసంగా: "ఇయ్యాల తాగలే చాచా. హోటలాయన ఇంట్ల పెండ్లి, బంద్ ఉన్నది."

మరి ఇంట్లో? ఇంట్లో పాలు విరిగిపోయాయి. ఛాయ్ లేదని పొద్దుటినుంచీ మూతి ముడుచుకుని తిరిగిందే నేను. విరిగిన పాలు పారబోసింది నేను. అయినా ఛాయ్ అన్నాను. అందరి ముందూ, గట్టిగా, చదువుకున్నదాన్ని కదా అని.

చాచా వాకిట్లో నుంచే అడిగాడు: "తమ్మీ, దొడ్డికి నల్లగ పోతున్నదా?"

బాపు గోడ వైపు తిరిగాడు. కూతురి ముందు, ఎదురింటామె ముందు అడిగే ప్రశ్నా అది? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరికే అనలేదు. చాచా వదలలేదు. "షరమ్ తర్వాత పడుదువు. చెప్పు." గోడనే చూస్తూ బాపు అన్నాడు: "మూడు దినాల సంది. తారు లెక్క."

"రక్తం పోతుంది లోపల" అన్నాడు చాచా. "దవాఖానకు తియ్యుండ్రి."

పెద్దమ్మ ఆముదం చేతులతో లేచి నిలబడింది. "బోటి కడిగెటోనికి మనిషి కడుపేం ఎరుక? మేకనా ఆయన? జరుగు, బొడ్డు జారింది, గంతే."

ఇక్కడ నేను అన్నమాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాయాల్సిందే. "మేకకు నాలుగు గదులుంటయి చాచా. మనిషిది వేరే" అన్నాను. ఛాయ్ అన్నమాట తప్పని తెలిశాక కూడా ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నా తప్పు కప్పుకోవడానికి బాపు ప్రాణం అడ్డం పెట్టాను, ఇంకో తీరుగా చెప్పడానికి లేదు.

పెద్దమ్మ చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు బొటనవేళ్ళూ బాపు బొడ్డు పైన ఆనించింది. అప్పుడు చాచా గడప దాటాడు. మా ఇంటి గడప దాటడం అదే మొదలు. వెనక ఉన్న చేతులు ముందుకొచ్చాయి, సున్నం అంటుకుని, తడిగా, బోటి వాసనతో. ఆ రెండు చేతులూ బాపు కడుపు మీద పరిచి కప్పేశాడు. నొక్కలేదు, ఊరికే కప్పాడు.

"పిసకాలంటే నా చేతులు పిసుకు, అక్కా. లోపల పుండు పగిలి ఉన్నది. నువ్వు ఒత్తితే ఇంక తెగుతది."

పెద్దమ్మ తిట్టింది. దీపం పడిపోయింది. అవ్వ ఏడుపు అందుకుంది. ఆయన కదల్లేదు. బాపు నుదుటి మీద చెమట పట్టి ఉంది. ముట్టుకుంటే మంచులా చల్లగా తగిలింది. పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. అది చూశాక నాకు తొట్టి దగ్గరి నల్ల నలుసులు కళ్ళ ముందు కనబడ్డాయి. ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను. చెప్పుల్లేవు, ఎండ. కాళ్ళు కాలిన సంగతి సాయంత్రం దాకా తెలియలేదు.

మా ఊరి దవాఖానలో చూసి, ఆగకుండా కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్స్‌లో బాపు "నీళ్ళు, నీళ్ళు" అంటున్నాడు. అవ్వ సీసా మూత తీస్తే చాచా లాక్కున్నాడు. "ఒక్క చుక్క వద్దు చెల్లె. కడుపు ఖాళీగుండాలె." అవ్వ ఆయన్ని శాపనార్థాలు పెట్టింది, దాహమన్న మనిషికి నీళ్ళివ్వని పాపిష్టివాడని. ఆయన సీసా ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చేత్తో బాపు మణికట్టు పట్టుకుని, వేళ్ళ కింద నాడి చూస్తూ కూర్చున్నాడు. దారిలో బాపు మళ్ళీ కక్కాడు. ఈసారి రవ్వలు కాదు, ఎర్రగానే వచ్చింది. నల్లబడే తీరిక కూడా లేకుండా పోతోందన్నమాట రక్తం. చాచా కళ్ళు మూసుకున్నాడు. "తమ్మీ, నిద్రపోకు. ఏం తిన్నవ్ రా నిన్న? చెప్పు, ఏం తిన్నవ్?" అని అడుగుతూనే ఉన్నాడు. బాపు ఏదో గొణిగాడు. "దాంతోటి? దాంతోటి ఏం తిన్నవ్?" అన్నాడు. కరీంనగర్ దాకా బాపును ఆ ప్రశ్నతోనే మెలకువగా ఉంచాడు.

రక్తం ఎక్కించారు. గొట్టం వేసి చూసి, పుండును లోపలే కట్టడి చేశారు. గండం గడిచిందని చెప్పడానికి సాయంత్రం ఆరయింది. చెప్పిన డాక్టరు, ఎవరైనా కడుపు పిసికారా అని ప్రత్యేకంగా అడిగాడు. లేదన్నాం. అవ్వ తల దించుకుంది.

బయట మెట్ల మీద చాచా కూర్చుని ఉన్నాడు. లుంగీ మీద రక్తం ఎండిపోయింది. పక్కన కూర్చున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక, "చాచా, నేను ఛాయన్న..." అని ఆగిపోయాను.

ఆయన చేతులు చూసుకుంటూ ఉన్నాడు. "మా తమ్ముడుండె నిర్మల్‌ల" అన్నాడు. "కట్టెల అడ్తీల పనిచేసెటోడు. ఒకనాడు గిట్లనే కక్కిండు. మరదలు పరేషాన్ అయింది, ఏందని అడిగింది. ఛాయ్ హై వో, పీ కే ఆయా, ఛాయ్ తాగొచ్చిండు అన్న నేను. సోడా తాపిచ్చినం. పండుకోబెట్టినం. తెల్లారి లేవలే."

నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను.

"గప్పుడు నేను గూడ ఛాయేనన్న, బేటీ. గందుకే అందర్ని అడుగుత. తాగిండా, ఎప్పుడు తాగిండు అని." లేచి లుంగీ దులుపుకున్నాడు. "నీది చిన్న నోరు. నా అంత పెద్దోడే అన్నడు. పో, అవ్వ ఒక్కతే ఉన్నది."

చాచా ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నేను ఛాయ్ అన్న సంగతి గానీ, మేక గదుల గురించి వాగిన సంగతి గానీ ఎవరి ముందూ అనలేదు. తోడుగా ఉండిపోయిన చాచాతో కలిసి మూడురోజుల తర్వాత బాపును ఇంటికి తెస్తే, గోడకు ఆనించిన సైకిల్ అట్లాగే ఉంది. బకెట్ పడి ఉంది. బోటి కుక్కలు తిని, బకెట్ కూడా నాకిపెట్టాయి. "మీ ఇంటి బోటి మీ వాడ కుక్కలే తిన్నయ్, బయటికి పోలే" అన్నాడు చాచా.

ఆ తర్వాత బాపు మళ్ళీ సాంచెలకు పోయినప్పుడు మొదలైంది అసలు కథ. రోజూ పది గంటలకు, చేతిలో పని ఆపి, చాచా సైకిల్ మీద షెడ్డుకు వచ్చేవాడు. గుడ్డలో రెండు జొన్నరొట్టెలు, ఏదో ఒక కూర. ముందు బాపు అంగీ జేబు తడిమేవాడు, బస్టాండ్‌లో పోలీసులు తడిమినట్టు. గోలీ దొరికితే మోరీలోకి పోయేది. తర్వాత రొట్టె ఇచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఆ చప్పుడులో నిలబడేవాడు. సాంచెల మోతలో మాట వినబడదు. వేలు చూపించి 'నములు, ఇంకా నములు' అని సైగ చేసేవాడు. సేటు కసిరినా పోలేదు. రెండు రొట్టెలూ అయ్యేదాకా నిలబడి, అప్పుడు పోయేవాడు. వానకూ ఎండకూ, రంజాన్ రోజాలుండే నెలలో తాను పచ్చి గంగ ముట్టకుండా ఉండి కూడా, రెండేళ్ళపాటు. మిగతా కార్మికులు మొదట నవ్వారు. తర్వాత ఒకరిద్దరు తమ టిఫిన్ డబ్బాలు పదింటికే విప్పడం మొదలుపెట్టారు.

ఆయన పోయినప్పుడు నేను ఉట్నూరు దగ్గర ఒక బడిలో టీచర్‌ని. బాపు ఫోన్ చేశాడు. "చాచా పోయిండు బిడ్డా. జరమొచ్చింది. కడుపు మాత్రం ఆఖరు దాంక మంచిగుండె" అన్నాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి అన్నారు. జీపు దొరికి, బస్సు దొరికి నేను చేరేసరికి సాయంత్రం అవుతుంది. వెళ్ళలేదు. అందదని తెలిసినా బయల్దేరాల్సింది. ఆ రోజు ఎనిమిదో పీరియడ్ దాకా పాఠం చెప్పి, గదికి పోయి ఏడ్చాను.

"మేడం, ఎడమ పక్కకు తిరుగుండ్రి."

నర్సు పిలుపు అది, కెమెరా డాక్టరు వచ్చాడు. గొంతులో మందు కొట్టారు. నాలుక మొద్దుబారింది. నల్లటి గొట్టం లోపలికి పోతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెర నా ముఖానికి ఎదురుగానే ఉంది. ఎర్రటి గోడలు, తడిగా మెరిసే ముడతలు. ఏటేటా నల్లబల్ల మీద జె అక్షరంలా గీసేదాన్ని, ఇది ఆ బొమ్మలా లేదు. తొట్టి దగ్గర చెంచా వెనకభాగంతో రుద్ది చూపించిన నాలుగో గదిలా ఉంది. జిగురు అంగీ అక్కడక్కడ మెరుస్తోంది. డాక్టరు గొట్టాన్ని కిందికి తిప్పాడు. చాచా చెప్పిన దర్వాజ కనబడింది, మూసుకుని, తెరుచుకుని. దానికి కాస్త ఇవతల, గోడ మీద, అంగీ చిరిగిపోయిన చోటు. మధ్యలో నల్లటి చుక్క. పక్కన సన్నగా కారుతున్న ఎరుపు.

డాక్టరు అక్కడే ఏదో మందు ఎక్కించాడు, ఏదో బిగించాడు. ఎరుపు ఆగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"మంచి టైంకు వచ్చిండ్రు" అన్నాడు గొట్టం తీశాక. "చాలామంది ఇది చూసి కూడా ఇంట్లనే ఉంటరు. మీకెవరు చెప్పిండ్రు, ఇది రక్తమని?"

గొంతు మొద్దుబారి మాట రాలేదు. బాపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

రెండో రోజు ఇంటికి పంపారు. కౌంటర్‌లో అదే అమ్మాయి. కాగితాలు సరిచేస్తూ, "మేడం, గా గడి ఇంక ఖాళీగున్నది. ఎవరు పంపిండ్రు?" అంది.

"చాచా" అన్నాను.

"ఏ ఊరి డాక్టర్ మేడం? ఫుల్ నేమ్ చెప్పుండ్రి."

చెప్పబోయి ఆగాను. బాపు వైపు తిరిగాను. "బాపూ, చాచా అసలు పేరేంది?"

బాపు నోరు తెరిచాడు. చాచా చేతి రొట్టె రెండేళ్ళు తిన్నవాడు. ఆయన జనాజా వెంట నడిచి, మట్టి వేసి వచ్చినవాడు. పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు. "చాచానే గదా బిడ్డా. ఎన్నడు అడగలే" అన్నాడు. ఆ అన్నది తనకే వినబడినట్టు, ముఖం ఒక్కసారి వాడిపోయింది. ఊరందరినీ ఏం తిన్నావని అడిగిన మనిషిని, నీ పేరేమిటని మేము అడగలేదు.

అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బాపు ఆమెకు ఎట్లాగైనా తెలియజేయాలని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, కౌంటర్‌కు రెండడుగుల దూరంలో నిలబడి చూపించాడు. "గిట్ల నిలబడేటోడమ్మా, వాకిట్ల."

"పేరు లేకుంటే సెల్ఫ్ అని కొడ్త మేడం" అంది ఆ అమ్మాయి మెల్లగా. "అంటే మీ అంతట మీరే వచ్చిండ్రని."

"వద్దమ్మా" అన్నాను. "నా అంతట నేను రాలే."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. బాపు చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.